ఆ మేడం సంతకానికి ఎంత విలువ



ఈ రోజు ఒక కుర్చీ గురించి మాట్లాడతాను. విశ్వవిద్యాలయంలో అమ్మాయిల మంచీచెడ్డా చూసే అధికారి కుర్చీ. అమెరికాలో ఆ పదవి పుట్టినప్పుడు డీన్ ఆఫ్ విమెన్ అన్నారు. మన దగ్గర ఆ పని ఒక్కోచోట ఒక్కో పేరుతో నడుస్తోంది. ఒకచోట విద్యార్థి వ్యవహారాల డీన్, ఇంకోచోట చీఫ్ వార్డెన్, మరోచోట మహిళా విభాగం డైరెక్టర్. పిల్లలకు ఈ పేర్లతో పనిలేదు. కష్టం వస్తే "ఆ మేడం దగ్గరికి పోదాం పా" అంటారు. నేనూ ఆ మేడం అనే అంటాను.

మాది వెలుగోడు. ఒక పక్క నల్లమల, ఒక పక్క తెలుగుగంగ నీళ్లతో నిండే రిజర్వాయరు. నా చిన్నతనంలో పదో తరగతి దాటిన ఆడపిల్లలను ఊళ్లో వేళ్ల మీద లెక్కపెట్టేవాళ్లు. ఆపైన చదవాలంటే ఆత్మకూరో నంద్యాలో పోవాలి. డిగ్రీ దాటితే కర్నూలు, అనంతపురం, తిరుపతి. అంత దూరం పంపే ఇల్లు ఎక్కడో ఒకటి ఉండేది. ఇప్పుడు ఆ దూరాలు తగ్గాయి. కర్నూలులో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయానికి పీజీ కేంద్రంగా ఉన్నది 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయమైంది. 2016లో అదే ఊళ్లో డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చింది. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ 2008లో మొదలైంది. అది పదో తరగతి పాసైన పల్లెటూరి పిల్లలను తీసుకుని ఆరేళ్లు తన దగ్గరే ఉంచుకుని చదివిస్తుంది. అంటే పదిహేనేళ్ల పాప పెట్టె సర్దుకుని విశ్వవిద్యాలయం మెట్లెక్కుతోందన్నమాట. ఇంటి నుంచే నంద్యాల కాలేజీకి పోయివచ్చే ఆడపిల్లలకు 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు బస్సులోనూ ఎక్స్‌ప్రెస్‌లోనూ టికెట్టు ఖర్చు కూడా లేదు.

దేశం లెక్క చూసినా అంతే. 2021-22 ఉన్నత విద్య సర్వేలో కాలేజీల్లో, విశ్వవిద్యాలయాల్లో చదివేవాళ్లు మొత్తం 4.33 కోట్ల మంది అయితే, అందులో ఆడపిల్లలు 2.07 కోట్లు. సగానికి కొద్దిగా తక్కువ. వాళ్ల కోసం బ్లాకులు కట్టారు, కోర్సులు పెట్టారు, ప్రాస్పెక్టస్ కవరు మీద వాళ్ల ఫొటోలే వేస్తున్నారు. మరి వాళ్ల తరఫున మాట్లాడాల్సిన మనిషికి ఏ మాత్రం అధికారం ఇచ్చారు? నేను అడగదలచుకున్నది ఇదొక్కటే.

తెలుగువాళ్లు ఈ మాట మాట్లాడాలంటే దుర్గాబాయమ్మ దగ్గర మొదలుపెట్టాలి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ అనగానే ఆంధ్ర మహిళా సభ గుర్తొస్తుంది, రాజ్యాంగ సభ గుర్తొస్తుంది. 1923 కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర వలంటీరుగా నిలబడి, టికెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపేసిన పిల్ల అని కూడా చెప్పుకుంటాం. ఆంధ్ర విశ్వవిద్యాలయం కథ అంతగా చెప్పుకోం. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు పోయి వచ్చి, కాశీ హిందూ విశ్వవిద్యాలయం నుంచి మెట్రిక్యులేషను, ఇంటరు పూర్తి చేసుకుని, బి.ఏ. చదవాలని ఆమె వాల్తేరు వెళ్లారు. అప్పటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు. చిత్తూరు జిల్లా మనిషి, మా సీమ పెద్ద. ఆడవాళ్ల చదువుకు విరోధి కాదు. అయినా చేర్చుకోవడానికి వెనకాడారు. ఆయన చెప్పిన కారణం: ఆడపిల్లలకు హాస్టలు లేదు.

దుర్గాబాయి వెనక్కి రైలెక్కలేదు. హాస్టలు లేక చదువు ఆగిపోయిన అమ్మాయిలెవరైనా ఉంటే తనకు తెలియజేయమని పత్రికలో ప్రకటన వేయించారు. జవాబులు వచ్చాయి. వాళ్లను కూడగట్టి, ఉండటానికి చోటు చూసుకుని, తామే హాస్టలు పెట్టుకున్నారు. ఇక కాదనడానికి కారణం మిగల్లేదు. రాజనీతి శాస్త్రంలో చేరి పట్టా తీసుకున్నారు.

ఈ కథ విన్నవాళ్లు ఎంత తెగువ అని మెచ్చుకుంటారు. మెచ్చుకోవాల్సిందే. నాకు మాత్రం దానితోపాటు కొంచెం కోపం కూడా వస్తుంది. చదువుకోవడానికి వచ్చిన అమ్మాయి తన వసతి తానే వెతుక్కోవాల్సి వచ్చింది. అది సంస్థ చేయాల్సిన పని. హాస్టలు లేదన్న మాట విని తల వంచుకుని ఇంటికి పోయిన పిల్లలు ఎంతమందో ఏ పుస్తకంలోనూ లేదు. వాళ్లందరూ దుర్గాబాయిలు కాలేరు, కానక్కర్లేదు కూడా. మామూలు ధైర్యం ఉన్న మామూలు పిల్ల చదువుకోగలిగేట్టు చేయడానికే ఆ మేడం కుర్చీ ఉన్నది. దుర్గాబాయి ఈ అనుభవం మరిచిపోయారని అనుకోను. 1958లో స్త్రీవిద్యపై జాతీయ కమిటీకి ఆమె అధ్యక్షురాలయ్యారు. ఆడపిల్లల చదువును అందరితో కలిపి గంపగుత్తగా చూడకుండా ప్రత్యేక సమస్యగా చూడాలని ఆ కమిటీ 1959లో గట్టిగా చెప్పింది.

తర్వాత తర్వాత హాస్టళ్లు వచ్చాయి. 1983లో తిరుపతిలో ఏకంగా ఆడవాళ్లకే పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వచ్చింది. అక్కడ అమ్మాయిల మాట వినిపించడానికి వేరే కుర్చీ అవసరం పెద్దగా ఉండదు, అందరూ వాళ్లే కాబట్టి. కానీ మన పిల్లల్లో ఎక్కువమంది చదివేది అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి ఉండే చోట్లే. అలాంటిచోట హాస్టలుతోపాటు తాళంచెవి కూడా వచ్చింది. తాళంచెవి పట్టుకోవడమే ఆ మేడం పని అన్న అభిప్రాయమూ వచ్చింది.

అధ్యాపకురాలిగా ఉన్న రోజుల్లో నేను కొన్నాళ్లు హాస్టలు బాధ్యత చూశాను. చేర్పించడానికి వచ్చిన తండ్రులు దాదాపు అందరూ ఒకే మాట అనేవాళ్లు. "ఏం మేడం, మా పాపను మీ చేతిలో పెడ్తాండాం. సాయంత్రం ఆరు దాటితే బయటికి ఇడ్సొద్దండి. ఎవరితోనన్నా మాట్లాడ్తాంటే మాకు ఫోన్ చేయల్ల." పక్కన తల్లి చెనక్కాయల పొడి సీసా, రొట్టెల మూట పట్టుకుని నిలబడి ఉంటుంది, ఏమీ అనదు. ఆ తండ్రిని తప్పుపట్టను. మిరప పైరు మీద తెచ్చిన అప్పులోంచి ఫీజు కట్టి వచ్చినాయన. ఊళ్లో ఏదన్నా మాట పుడితే పాప చదువు ఆగిపోతుందని ఆయనకు తెలుసు. ఆ భయం ఆయనది కాదు, ఊరిది.

నేను ఇలా చెప్పేదాన్ని. "అన్నా, పాపకు జ్వరమొస్తే ఫోన్ చేస్తా. పరీక్ష ఫీజు గడువు దగ్గరపడితే చేస్తా. క్లాసుకు పోకుండా రూములో పడుకుంటాంటే ముందు ఆమెనే అడుగుతా, తర్వాత మీకు చెప్తా. ఎవరితో మాట్లాడిందని మాత్రం చేయను. ఆ పని నాకు పెడితే పాప నాకు ఏ సంగతీ చెప్పదు. చెప్పకపోతే నిజంగా ఇబ్బంది వచ్చిన రోజు నాకు తెలీదు." కొందరు ఒప్పుకునేవాళ్లు, కొందరు ముఖం ముడుచుకునేవాళ్లు. ఒక తల్లి మాత్రం మెట్లు దిగుతూ దిగుతూ వెనక్కి వచ్చి, నా చెయ్యి పట్టుకుని, "మీరు చెప్పిందే మేలు మేడం" అని, మళ్లీ పరుగున భర్త వెనక పోయింది.

ఆ మేడాన్ని వేగులమనిషిగా వాడుకోవాలని తల్లిదండ్రులకే కాదు, అధికారులకూ ఉంటుంది. హాస్టలు గేటు ఆరింటికి మూసేయడం చాలా సులువైన పని, దానికి పైసా ఖర్చు లేదు. లైబ్రరీ నుంచి హాస్టలు దాకా లైట్లు వేయాలంటే ఖర్చు. రాత్రి తొమ్మిదింటికి ల్యాబు దగ్గర్నుంచి ఒక బస్సు నడపాలంటే ఖర్చు. ఎమ్మెస్సీ చదివే పిల్లకు సాయంత్రం పెట్టిన ప్రయోగం రాత్రి ఎనిమిదికి గానీ తేలకపోతే, గేటు నియమం పుణ్యమా అని ఆ ప్రయోగం అబ్బాయిల చేతికి పోతుంది. పేపరు మీద పేరు వాళ్లదే ముందొస్తుంది. ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది. నాలుగేళ్ల తర్వాత ఉద్యోగం ఇంటర్వ్యూలో పెద్ద సంగతి అవుతుంది.

ఈ విషయంలో నియమాలు లేక కాదు. యూజీసీ 2015 నిబంధనలు, ఉన్నత విద్యాసంస్థల్లో స్త్రీల మీద లైంగిక వేధింపుల నివారణకు చేసినవి, స్పష్టంగా చెప్పాయి. ఆడపిల్లల భద్రత పేరు చెప్పి, అబ్బాయిలకు లేని ఆంక్షలు వాళ్ల హాస్టళ్లలో పెట్టకూడదు. భద్రత అంటే నిఘా కాకూడదు. క్యాంపస్‌లో సరిపడా లైట్లు ఉండాలి, హాస్టలుకూ లైబ్రరీకీ ల్యాబుకూ మధ్య రాకపోకలకు వాహన సౌకర్యం ఉండాలి, సెక్యూరిటీ సిబ్బందిలో ఆడవాళ్లు తగినంతమంది ఉండాలి, స్త్రీల డాక్టరు అందుబాటులో ఉండాలి అని కూడా ఉంది అందులో. 2015లోనే ఢిల్లీలో అమ్మాయిలు హాస్టలు వేళల మీద పింజ్రా తోడ్ అని, అంటే పంజరం విరగ్గొట్టండని, ఉద్యమం మొదలుపెట్టారు. మన వైపు అంత గట్టిగా అడిగిన పిల్లలు తక్కువ. అడగలేదు కాబట్టి అవసరం లేదనుకోకూడదు.

ఈ వేళల విషయంలో అమ్మాయిల పక్షాన నిలబడ్డ మేడం కూడా ఒకరున్నారు. అమెరికాలో కాన్సాస్ విశ్వవిద్యాలయానికి 1956లో ఎమిలీ టేలర్ అనే ఆవిడ డీన్ ఆఫ్ విమెన్‌గా వచ్చారు. అప్పట్లో అక్కడ కూడా అమ్మాయిల వసతి గృహాలకు రాత్రి ఫలానా వేళకు తలుపు వేసేసే పద్ధతి ఉండేది. ఆవిడ ఆఖరి సంవత్సరం అమ్మాయిల చేతికే తలుపు తాళంచెవులు ఇప్పించారు. తల్లిదండ్రులు గోల చేశారు. వెనక్కి తగ్గలేదు. తన ఇష్టప్రకారం వచ్చిపోవడం నేర్వని పిల్ల రేపు తన ఇల్లు, తన కొలువు ఎలా నడుపుకుంటుందని ఆవిడ ఆలోచన. కాన్సాస్ కథ మనకు నూటికి నూరుపాళ్లు అతుకుతుందని నేననను. చీకటి పడితే బస్సులు ఆగిపోయే మా తాలూకాల్లో తాళంచెవి ఒక్కటే ఇస్తే చాలదు, ముందు దారి బాగుచేయాలి. కానీ ఆ పని చేసింది పోలీసు కాదు, విద్యార్థి నాయకుడు కాదు, ఆ మేడమే. అది గమనించండి.

ఇక అధికారం సంగతి. డీన్ ఆఫ్ విమెన్ అన్న పదవికి రూపు తెచ్చినవాళ్లలో మేరియన్ టాల్బట్ ముఖ్యురాలు. 1892లో చికాగో విశ్వవిద్యాలయం తలుపులు తెరిచిన ఏడాదే బోస్టన్ నుంచి అక్కడికి వెళ్లారు. అమ్మాయిలు ఎక్కువ చదివితే ఒళ్లు పాడవుతుంది, పిల్లలు పుట్టరు అని డాక్టర్లే పుస్తకాలు రాస్తున్న కాలం అది. మా జేజి కూడా నాతో దాదాపు ఇదే మాట అన్నది, ఆమె ఏ డాక్టరు పుస్తకమూ చదవలేదు. చికాగో వెళ్లకముందే టాల్బట్ తోటి పట్టభద్రురాళ్లతో కలిసి ఒక సంఘం పెట్టారు. చదువుకున్న ఆడవాళ్ల ఆరోగ్యం మీద ఆ సంఘం లెక్కలు సేకరించి 1885లో అచ్చువేసింది. ఒళ్లు పాడవలేదని తేలింది.

చికాగోలో ఆమె అమ్మాయిల వసతి గృహాలు చూసుకున్నారు. దానితోపాటు తరగతిలో పాఠం కూడా చెప్పారు, పరిశోధన చేశారు, ఆచార్యుల సమావేశంలో ఆచార్యురాలిగా కూర్చున్నారు. ఇది చాలా ముఖ్యమైన సంగతి. పదేళ్లు తిరిగేసరికి అక్కడ అమ్మాయిల సంఖ్య సగం దాటింది. ప్రతిభ గుర్తింపులూ వాళ్లకే ఎక్కువ వచ్చాయి. అప్పుడు యాజమాన్యం ఏం చేసింది? మొదటి రెండేళ్ల తరగతుల్లో అమ్మాయిలను వేరు చేసి చెప్పాలని 1902లో నిర్ణయించింది. టాల్బట్ ఆ నిర్ణయాన్ని బాహాటంగా ఎదిరించారు. ఓడిపోయారు కూడా. కానీ ఆ వేరు తరగతులు ఎక్కువకాలం నిలవలేదు. ఆమె మాత్రం 1925 దాకా ఆ కుర్చీలోనే ఉన్నారు. పెరిగే విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలు ఎక్కువైనప్పుడు పెద్దలకు కాస్త కంగారు పుడుతుంది. ఆ కంగారుకు ఎదురు చెప్పగల హోదా ఉన్న మనిషి ఆ గదిలో ఒకరైనా ఉండాలి.

లూసీ డిగ్స్ స్లో కథ ఇంకా దగ్గరగా తగులుతుంది. వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయం నల్లజాతి వాళ్ల చదువుకు పెట్టిన పెద్ద సంస్థ. 1922లో ఆమె అక్కడ డీన్ ఆఫ్ విమెన్ అయ్యారు. నల్లజాతి స్త్రీలలో ఆ పదవికి వచ్చిన మొదటి ఆవిడ. 1917లో టెన్నిస్ జాతీయ పోటీలో గెలిచిన మనిషి, కోర్టులో నిలబడ్డట్టే ఆఫీసులోనూ నిలబడ్డారు. తాను రాత్రిపూట గదులు తనిఖీ చేసే మేట్రన్‌ను కాననీ, ఆచార్యుల హోదా ఉన్న విద్యాధికారిననీ చేరేముందే స్పష్టం చేశారు. అమ్మాయిలకు వసతి భవనాలు సాధించారు. 1927లో ఒక ఆచార్యుడు క్లాసులో అమ్మాయిల ముందు నోటికొచ్చినట్టు అసభ్యంగా మాట్లాడుతున్నాడని ఫిర్యాదు వచ్చింది. ఆమె దాన్ని సర్దిచెప్పి మూసేయలేదు, అధ్యక్షుడి దాకా తీసుకుపోయారు. ఆ తర్వాత ఆమెకూ అధ్యక్షుడికీ పొసగలేదు. 1930ల్లో ఆమె సొంత ఇల్లు వదిలి క్యాంపస్‌లోకి మారాలని ఒత్తిడి తెచ్చారు. అంటే, నువ్వు మేట్రన్‌వే అని చెప్పడం. 1937లో చనిపోయేదాకా ఆమె ఆ మాట ఒప్పుకోలేదు.

దాదాపు నూరేళ్ల కిందటి ఈ గొడవ మన దగ్గర నిన్నమొన్నటిదిలా వినిపించదూ? ఫిర్యాదు తెచ్చిన పిల్లనే "నీ భవిష్యత్తు చూసుకో అమ్మా" అని బుజ్జగించి పంపడం, ఆ పిల్ల వెనక నిలబడిన మేడాన్ని మరుసటి ఏడాది బాధ్యతల నుంచి తప్పించడం, ఇవి మనకూ తెలిసిన పద్ధతులే.

ఇక్కడ చట్టం ఒక తెలివైన పని చేసింది. 2013 నాటి లైంగిక వేధింపుల నివారణ చట్టం ప్రకారం, ఆ తర్వాతి యూజీసీ నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు సీనియర్ మహిళా అధ్యాపకురాలై ఉండాలి, సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్లు ఉండాలి, బయటి నుంచి ఒక సభ్యుడో సభ్యురాలో ఉండాలి. విద్యార్థుల సంగతి అయితే ముగ్గురు విద్యార్థులు కూడా కూర్చోవాలి. ఫిర్యాదు 3 నెలల లోపు ఇవ్వాలి, విచారణ 90 రోజుల్లో ముగియాలి. వైస్ ఛాన్సలర్, రిజిస్ట్రార్, డీన్, శాఖాధిపతి వంటి పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లు మాత్రం ఆ కమిటీలో ఉండకూడదు. అంటే మన డీన్ మేడం తీర్పు చెప్పే చోట కూర్చోలేదు. కొందరికి ఇది ఆమె అధికారం తగ్గించినట్టు అనిపిస్తుంది. నా మట్టుకు ఇదే సబబు. యాజమాన్యంలో భాగమైన మనిషి న్యాయం చెప్పడానికి కూర్చుంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. ఆమె చేయాల్సింది వేరు. ఆ పిల్ల ఫిర్యాదు రాసేటప్పుడు పక్కన కూర్చోవాలి. గడువు దాటకుండా చూడాలి. విచారణ జరిగే 90 రోజులూ అదే ఆచార్యుడి చేతిలో ఇంటర్నల్ మార్కులు ఉండకుండా చేయాలి. ఫోన్‌లో ఫొటోలు మార్చి బెదిరిస్తున్నారంటే, ఇంటివాళ్లకు తెలుస్తుందని వణికిపోతున్న పిల్లను వెంటబెట్టుకుని సైబర్ పోలీసుల దగ్గరికి పోవాలి. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయొచ్చని ఆ పిల్లకు గోడ మీది పోస్టరు చెప్పకూడదు, మనిషి చెప్పాలి.

మా సీమలో దీనికంటే ఎక్కువసార్లు ఎదురయ్యే చిక్కు ఇంకొకటి ఉంది, పెళ్లి. పీజీ రెండో ఏడాదిలో సంబంధం కుదురుతుంది. "చదువు ఆపమని ఎవరన్నారు మేడం, పెళ్లయినాక చదువుకుంటాది" అంటారు. తర్వాత కడుపు, హాజరు చాలదు, పరీక్ష పోతుంది. అక్కడితో చదువు ముగిసినట్టే. చాలామందికి తెలియని సంగతి చెబుతాను. పీహెచ్‌డీ చేసే స్త్రీలకు మొత్తం కాలంలో ఒకసారి 240 రోజుల దాకా ప్రసూతి లేదా శిశు సంరక్షణ సెలవు ఉంది. థీసిస్ ఇవ్వడానికి గడువు కూడా ఎక్కువ దొరుకుతుంది. డిగ్రీ, పీజీ చదివే వాళ్లకు కూడా ప్రసూతి సెలవు, హాజరులో సడలింపు ఇచ్చేలా నియమాలు చేసుకోమని యూజీసీ 2021 డిసెంబరులో విశ్వవిద్యాలయాలకు రాసింది. ఆ కాగితం వచ్చిందా, వస్తే ఎక్కడుంది, ఏం చేశారు అని అడగాల్సింది ఎవరు? కాన్పుకు పుట్టింటికి పోయిన పిల్ల అడగలేదు. ఆ మేడమే అడగాలి. నియమం అయ్యేదాకా అకడమిక్ కౌన్సిల్లో ప్రతిసారీ లేవనెత్తాలి. అందుకు ముందు ఆమెకు అకడమిక్ కౌన్సిల్లో చోటుండాలి.

ఇప్పుడు సంతకం మాటకు వస్తాను. ఔటింగ్ లెటరు మీద ఆ మేడం సంతకం లేకపోతే గేటు తెరుచుకోదు. అక్కడ ఆ సంతకానికి తిరుగులేదు. అదే మేడం హాస్టలు దారిలో లైట్లు కావాలని సంతకం పెట్టి పంపితే, ఆ కాగితం ఇంజనీరింగ్ విభాగానికి పోతుంది, అక్కడ్నుంచి ఫైనాన్స్ ఆఫీసరుకు, మళ్లీ వెనక్కి. వానాకాలం పోయి ఎండాకాలం వస్తుంది. బాత్రూముల్లో గడియలు విరిగితే టెండరు, నీళ్ల మోటారు కాలిపోతే కొటేషన్లు. మెస్సులో ఉగ్గాని బాగాలేదన్న ఫిర్యాదు మాత్రం నేరుగా ఆమెకే వస్తుంది. పిల్లను ఆపడానికి సంతకం చెల్లుతుంది, పిల్లకు ఏదన్నా తెచ్చిపెట్టడానికి చెల్లదు. ఇదేం న్యాయం? ఒక చిన్న నిధి ఆమె చేతికి ఇచ్చి, లెక్క అడగండి. నిర్మాణాల కమిటీలో కూర్చోబెట్టండి. కొత్త బ్లాకు ప్లాను గీసేటప్పుడే ఆడవాళ్ల బాత్రూములు ఎన్ని, ఏ అంతస్తులో అని ఆమె అడిగితే, కట్టిన తర్వాత గోడలు పగలగొట్టే పని తప్పుతుంది.

ఎవరి కోసం ఇదంతా అంటే, అందరు అమ్మాయిలూ ఒకే రకం కాదు కాబట్టి. నల్లమలలో చెంచుగూడెం నుంచి మొదటిసారి పీజీకి వచ్చిన పిల్లకు కుల ధ్రువీకరణ పత్రంలో ఒక అక్షరం తేడా వస్తే స్కాలర్‌షిప్పు ఆగిపోతుంది. ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే ఇంటి పిల్లకు పని ఒత్తిడి ఉన్న నెలల్లో ఇంటికి పోక తప్పదు. వెలుగోడులో ఉర్దూ మాట్లాడే ఇంటి పాపకు బురఖాతో క్లాసులో కూర్చుంటే ఎవరేమంటారో అని బెరుకు. ఫీజు రీయింబర్స్‌మెంటు డబ్బులు రాలేదని హాల్‌టికెట్టు ఆపినప్పుడు, ఇంట్లో కొడుకుకూ కూతురికీ ఇద్దరికీ కట్టాల్సి వస్తే, ముందు ఎవరి ఫీజు కడతారో నేను చెప్పక్కర్లేదు. ఇవన్నీ ఒక్కో పిల్లను కూర్చోబెట్టి అడిగితేనే తెలిసేవి. వేలమంది ఉన్నచోట ఒక్క మేడానికి ఇది సాధ్యం కాదు. ఆమె కింద మనుషులు ఉండాలి, కౌన్సెలరు ఉండాలి, సీనియర్ అమ్మాయిల బృందం ఉండాలి. తన పాఠాల గంటలు తగ్గించకుండా ఈ పని కూడా నెత్తిన పెడితే, ఆ మేడం రెండూ సరిగ్గా చేయలేదు. ఆమెకూ ఇల్లుంది, పిల్లలున్నారు.

ఒక మాట అడుగుతారు కొందరు. అబ్బాయిలకు లేని డీన్ అమ్మాయిలకు ఎందుకు, అందరికీ కలిపి ఒకరు చాలరా అని. అమెరికాలో 1960లు, 70లలో ఇదే జరిగింది. సమానత్వం వచ్చిందని చెప్పి డీన్ ఆఫ్ విమెన్ పదవులు తీసేసి అందరికీ కలిపి డీన్ ఆఫ్ స్టూడెంట్స్ పెట్టారు. చాలాచోట్ల ఆ కుర్చీలో మగవాళ్లు కూర్చున్నారు, పాత మేడం ఆయన కింద సహాయకురాలైంది. 1916 నుంచి జాతీయ సంఘం పెట్టుకుని నిలబడ్డ ఒక వృత్తి అట్లా పలచబడిపోయింది. పేరు మార్చడం వల్ల అవసరం తీరిపోదు. అమ్మాయిలకు వేరే డీన్ అక్కర్లేని రోజు వస్తే నాకంటే సంతోషపడేవాళ్లు ఉండరు. అది ఇంకా రాలేదు.

వింటున్న తల్లిదండ్రులకు నా మనవి ఒకటుంది. ఈసారి మీ పాపను చేర్పించడానికి కర్నూలుకో తిరుపతికో పోయినప్పుడు ఫీజు ఎంత, గేటు ఎన్నింటికి మూస్తారు అన్న రెండు ప్రశ్నల దగ్గరే ఆగకండి. అమ్మాయిల సంగతి చూసే మేడం ఎవరు, ఆమె గది ఎక్కడ, ఏ వేళ పోతే దొరుకుతుంది అని అడగండి. ఫిర్యాదుల కమిటీ పేర్లు బోర్డు మీద రాశారా చూడండి. లైట్ల కోసం, బస్సు కోసం ఆమె సంతకం పెడితే పని జరుగుతుందా అని రిజిస్ట్రారు గారినే అడగండి. తెల్లబోతారు, ఫర్వాలేదు. ఊరికి పదిమంది అడిగితే వచ్చే ఏడాదికి జవాబు సిద్ధం చేసుకుంటారు. ఆ తర్వాత ఆ మేడంతో మీ పాపను ఐదు నిమిషాలు ఒంటరిగా మాట్లాడనిచ్చి, మీరు బయట నిలబడండి.